సముద్రం గట్టున రాత్రి ఉద్యోగం

శ్రోతలకు నమస్కారం.

మా అక్క కొడుకు మద్రాసులో పని చేస్తాడు. చెన్నై అనాలని నాకూ తెలుసు, మా పుత్తూరు వైపు నాలుకలకు మద్రాసే అలవాటు. సాయంత్రం ఆరుకు ఫోన్ చేస్తే "మామా, ఇప్పుడే నాకు తెల్లారింది" అంటాడు. ఆరున్నరకు షిఫ్ట్. ఫోన్ లాకర్లో పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటే మళ్లీ మనకు దొరికేది తెల్లవారుజామునే.

వాడి పనిని ఏఆర్ కాలర్ అంటారు. ఏఆర్ అంటే అకౌంట్స్ రిసీవబుల్, రావాల్సిన బాకీ. అమెరికాలో ఒక డాక్టరు రోగిని చూస్తాడు. బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీకి పోతుంది. వాళ్లు డబ్బు ఇవ్వం పొమ్మంటారు. ఎందుకివ్వరో ఫోన్ చేసి అడిగి, ఆ డబ్బు రాబట్టేది మనవాడు. వాడి పక్క సెక్షన్లో కోడింగ్ వాళ్లుంటారు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే కోడింగ్ కాదిది. జబ్బుకొక నంబరు వేయడం. జ్వరమైతే ఆర్ 50.9, కుక్క కరిస్తే డబ్ల్యూ 54.0, ముంజేయి ఎముక విరిగితే ఎస్ 52. పుత్తూరు కట్టుకు ఏం నంబరురా అని అడిగితే నవ్వినాడు.

ఈ పనులన్నీ సముద్రం పక్క ఊరికే ఎందుకు చేరినాయి? గాలి బాగుంటుందని కాదు. దేశాల మధ్య ఫోన్లూ ఇంటర్నెట్టూ నడిచేది చాలావరకు సముద్రం అడుగున పరిచిన కేబుళ్ల మీదే. అవి గట్టెక్కేది తీరంలోనే. మన దేశంలో ముంబై తర్వాత చెప్పుకోవాల్సిన రేవు చెన్నై. 2000లో అక్కడి తరమణిలో టైడల్ పార్క్ అనే పెద్ద ఐటీ భవనం తెరిచినారు. మరుసటేడు ప్రపంచ బ్యాంకు తన లెక్కల పని కొంత చెన్నైకి తెచ్చుకుంది. 2002లో సింగపూర్ నుంచి ఐ2ఐ కేబుల్ వచ్చింది, పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. డాలర్లు తెచ్చే ఈ తీగ నడిసముద్రంలో మన తోటకు నీళ్లు పట్టే పైపంత లావే ఉంటుంది. 2008 జనవరిలో ఈజిప్టు దగ్గర కేబుళ్లు తెగితే మన దేశంలో ఇంటర్నెట్టు నత్తనడక నడిచింది.

సముద్రం ఇచ్చినట్టే ఇచ్చి తీసుకుంటుంది కూడా. ఈ ఆఫీసులు వరసగా ఉండే పాత మహాబలిపురం రోడ్డుకు ఒక పక్క బకింగ్‌హాం కాలువ, ఇంకో పక్క పళ్లికరణై చిత్తడి నేల. మన పులికాట్ మీదుగా పోయే కాలువే అది. నీళ్లు నిలవాల్సిన చోట అద్దాల మేడలు కడితే ఏమవుతుందో 2015 డిసెంబరు వరదల్లో చూసినాం. కంపెనీలు మనుషుల్ని బెంగళూరుకు, హైదరాబాదుకు తరలించి పని నడిపినాయి. అంతకు ముందేడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఎట్లా ఊడ్చేసిందో మరిచిపోలేం. అయినా అక్కడికీ కంపెనీలు పోతూనే ఉన్నాయి. 2023లో ఇన్ఫోసిస్ పోయింది.

సరే, 2020లో లాక్‌డౌన్ వచ్చింది. మనవాడు పుత్తూరులో మిద్దె మీద గదిలో టేబుల్ వేసుకున్నాడు. కరెంటు పోతే ఇన్వర్టర్, కింద కుక్క మొరిగితే మా అక్క పరుగు. రెండేళ్లు అట్లానే అమెరికా డబ్బు వసూలు చేసినాడు. పనిలో ఏ లోటూ రాలేదు. తర్వాత మళ్లీ ఆఫీసుకు రమ్మన్నారు, పోయినాడు. రోగుల వివరాలు బయటికి పొక్కకూడదని అమెరికాలో గట్టి చట్టం ఉంది. ఫోన్లు లాకర్లో పెట్టించేదీ అందుకే. ఆ కారణం నాకు అర్థమైంది. కానీ అట్లాంటి గది తిరుపతిలో కట్టలేమా? తీగ ఇక్కడికీ వస్తుంది. తెలుగు, అరవం, ఇంగ్లీషు మూడూ తడుముకోకుండా మాట్లాడే పిల్లలు మన దగ్గర ఇంటికొకరు. కుప్పం వైపు పోతే కన్నడం అదనం.

ఇదే మాట మొన్న వాడితో అన్నాను.

"మామా, ఇక్కడ ఈ కంపెనీ వద్దనుకుంటే రోడ్డు దాటితే ఇంకోటి. తిరుపతిలో వద్దనుకుంటే బస్సెక్కాల" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. కేబుల్ కన్నా గట్టిగా పట్టుకునేది అదే. ఒకే పని తెలిసిన వేలమంది ఒకే రోడ్డు మీద ఉండటం. తిరుపతిలో ఒక ఆఫీసు తెరిస్తే చాలదు, పక్కపక్కన పది తెరవాలి.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి వాడి షిఫ్ట్ ఏడున్నరకు. మా అక్క కూడా ఫోన్ చేసే టైము గంట జరుపుకుంటుంది.