ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నారా? ముందు ఒక నోటుబుక్కు కొనుక్కోండి

శ్రోతలకు నమస్కారం.

ఇంటర్న్‌షిప్ అనే మాట ఇప్పుడు అన్ని చదువుల్లోనూ వినిపిస్తోంది కానీ, అది పుట్టింది ఆసుపత్రిలో. ఫ్రాన్సులో ఆసుపత్రిలోనే మకాం ఉండి, పెద్ద డాక్టర్ల పక్కన పని నేర్చుకునే విద్యార్థిని ‘ఇంటర్న్’ అనేవారు. లోపల ఉండేవాడని అర్థం. ఇంజనీరింగ్ విషయానికొస్తే, 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు కొన్నాళ్లు తరగతి, కొన్నాళ్లు ఫ్యాక్టరీ అనే పద్ధతి మొదలుపెట్టాడు. కొన్ని విషయాలు నల్లబల్ల మీద ఎంత చెప్పినా ఎక్కవని ఆయనకు అర్థమైంది. మీరు వెళ్తున్నది ఆ ఎక్కని విషయాల కోసమే. సర్టిఫికెట్ ఎలాగూ వస్తుంది.

ముందు కాగితం సంగతి చూద్దాం. ‘సోమవారం నుంచి వచ్చెయ్యండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం’ అంటే సంతోషంగా తలూపకండి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, రోజుకు ఎన్ని గంటలు, ఏం నేర్పుతారు, ఎవరి కింద పని చేయాలి, స్టైపెండ్ ఉందా లేదా, ఉంటే ఎంత? ఇవన్నీ రాతలో ఉండాలి. ఐరోపా సమాఖ్య 2014లో సభ్య దేశాలకు చేసిన సిఫారసులో కూడా పని మొదలయ్యేటప్పుడే రాతపూర్వక ఒప్పందం ఉండాలని చెప్పింది. లెటర్ ఇవ్వడానికి వాళ్లకు తీరిక లేకపోతే మీరే ఒక మెయిల్ రాయండి. ‘మనం అనుకున్నవి ఇవీ, తప్పుంటే చెప్పండి’ అని నాలుగు వాక్యాలు చాలు.

ఇంటర్న్‌షిప్ ఇస్తామంటూ మీ దగ్గరే డబ్బు అడిగే వాళ్లున్నారు. రిజిస్ట్రేషన్ అంటారు, సెక్యూరిటీ డిపాజిట్ అంటారు. డబ్బు కట్టి పాఠాలు వింటే అది కోర్సు. కోర్సు తప్పు కాదు, కానీ దానికి ఇంటర్న్‌షిప్ అని పేరు పెట్టడం తప్పు. ముందు డబ్బు అడిగిన చోటికి వెళ్లకండి.

కాలేజీ రూల్స్ గురించి ఎక్కువ చెప్పను, ఎక్కడికక్కడ వేరు. కనీసం ఎన్ని వారాలు చేయాలో, ఎన్ని క్రెడిట్లో, గైడ్ సంతకం ఎప్పుడు కావాలో వెళ్లకముందే తెలుసుకోండి. మధ్యలో ప్రాజెక్టు మారినా, సూపర్‌వైజర్ మారినా ఆ వారమే గైడ్‌కి చెప్పండి. వైవా రోజున చెబితే ఆయన కూడా ఏమీ చేయలేరు.

ఇక నోటుబుక్కు. దీనికొక కథ ఉంది. నేను ఇంటర్న్‌గా చేరిన మొదటి వారంలో ఒక పెద్ద జాబితా ఇచ్చి ‘దీన్ని సరిచెయ్యి’ అన్నారు. సరిచెయ్యడమంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. అడిగితే ఏమనుకుంటారోనని భయం. మూడు రోజులు కూర్చుని మొత్తం అక్షరక్రమంలో పేర్చాను. వాళ్లకు కావాల్సింది అది కాదు, రెండుసార్లు వచ్చిన పేర్లు తీసేయడం. పది నిమిషాల పని! ‘అడగందే అమ్మయినా పెట్టదు’ అనే సామెత చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా, అది ఆఫీసుకి కూడా వర్తిస్తుందని ఆ రోజు తెలిసింది.

అప్పటి నుంచి పని చెప్పగానే రాసుకుని, రాసుకున్నది వాళ్లకే చదివి వినిపించడం మొదలుపెట్టాను. ‘అంటే నేను ఇది చేసి, ఫలానా రోజుకి ఇవ్వాలి, అంతేనా?’ అని. సగం పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి. సందేహం వచ్చినప్పుడు అరగంట సొంతంగా ప్రయత్నించండి, ఏం ప్రయత్నించారో రాసుకోండి, అప్పుడు అడగండి. ‘ఇది రావడం లేదు’ అనే వాడికీ, ‘ఇలా చేశాను, ఇక్కడ ఆగిపోయాను’ అనే వాడికీ జవాబు ఒకే రకంగా రాదు. సాయంత్రం వెళ్లేముందు మూడు లైన్లు రాయండి: ఏం చేశాను, ఏం తెలిసింది, ఎక్కడ ఆగింది. చివర్లో రిపోర్టు రాయడానికి కూర్చున్నప్పుడు, మొదటి వారం ఏం చేశారో మీకు గుర్తుండదు. నన్ను నమ్మండి.

ఆ పుస్తకంలో రాయకూడనివి కూడా ఉన్నాయి. పాస్‌వర్డులు, కస్టమర్ల వివరాలు, బయటకు రాని లెక్కలు. ఈ రోజుల్లో ఇంకో టెన్షన్ వచ్చింది. పని త్వరగా అవుతుందని కంపెనీ ఫైలును ఏదో ఒక ఏఐ టూల్‌లో పెట్టేస్తున్నారు. ముందు అనుమతి అడగండి. మొదటి రోజు సంబరంగా దిగిన సెల్ఫీలో వెనకాల కంప్యూటర్ తెర కనిపిస్తోందేమో కూడా చూసుకోండి.

యంత్రాల దగ్గరో, ల్యాబులోనో అయితే భద్రత గురించి చెప్పకుండా చేతిలో పని పెడితే, ‘ముందు చూపించండి, తర్వాత చేస్తాను’ అనండి. అందులో నామోషీ లేదు. ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే, ‘నేను ఇంటర్న్‌నే కదా’ అని నోరు నొక్కుకోకండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం పనిచోట హింస, వేధింపుల నుంచి రక్షణ పొందాల్సిన వాళ్లలో ఇంటర్న్‌లను పేరుపెట్టి మరీ చేర్చింది. జరిగింది తేదీతో, సమయంతో రాసిపెట్టుకోండి. కాలేజీకీ, ఇంట్లోనూ చెప్పండి.

ఒక్కోసారి ఏ పనీ ఇవ్వరు. రోజంతా జిరాక్సులే తీయిస్తారు. రెండు వారాలు చూసి, నోటుబుక్కు పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరకు వెళ్లండి. ‘ఇప్పటివరకు ఇవి చేశాను సార్, ఫలానా పని పక్కన కూర్చుని చూడొచ్చా?’ అని అడగండి. ‘నాకు పనివ్వడం లేదు’ అని ఫిర్యాదు చేస్తే వినేవాళ్లు తక్కువ. చూస్తానంటే కాదనేవాళ్లూ తక్కువే.

ఆఖరి వారంలో సగం చేసిన పనులు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద రాసి, మీ తర్వాత చేసేవాళ్లకి అప్పగించండి. ఐడీ కార్డు, లాప్‌టాప్ తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి. సర్టిఫికెట్‌లో పేరు, తేదీలు, చేసిన పని సరిగ్గా ఉన్నాయో అక్కడే నిలబడి చదవండి. నా సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడింది. ఇంటికి వెళ్లాక చూసుకున్నాను. దాన్ని దిద్దించుకోవడానికి తిరిగిన రోజులు కూడా ఆ నోటుబుక్కు చివరి పేజీల్లోనే ఉన్నాయి.

సెలవు, నమస్కారం.