రెండు మార్కులకు మించిన లైసోసోమ్

అధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు వరుసలో ఉన్న తల్లిదండ్రులకు, కుర్చీలు చాలక వెనుక నిలబడిన పీజీ విద్యార్థులకు నమస్కారం. అరుదైన వ్యాధుల దినం సందర్భంగా లైసోసోముల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. జీవరసాయన శాస్త్రం బోధించి రిటైరైన వాడిని పిలిస్తే పాఠమే చెబుతాడని వారికి తెలిసే ఉంటుంది కనుక కొంత పాఠం తప్పదు.

ఎర్ర రక్తకణాలను మినహాయిస్తే మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ లైసోసోములు ఉంటాయి. ఒక్కొక్కటీ ఒంటి పొరతో మూసిన తిత్తి. ప్రోటీన్లను, కొవ్వులను, పిండిపదార్థాలను, కేంద్రకామ్లాలను విడగొట్టే ఎంజైములు అందులో 60 రకాల దాకా ఉంటాయి. పొరలోని ప్రోటాన్ పంపులు లోపలి పీహెచ్‌ను, అంటే ఆమ్లత కొలతను, 5కు కాస్త దిగువన నిలుపుతాయి; ఈ అంకె ఎంత తగ్గితే అంత ఆమ్లం. చుట్టూ ఉన్న కణద్రవం పీహెచ్ 7.2 కాబట్టి ఒకటి రెండు తిత్తులు చిట్లినా బయటపడిన ఎంజైములు అక్కడ పెద్దగా పనిచేయలేవు. కణం మింగిన బాక్టీరియా, పాడైపోయిన మైటోకాండ్రియా, కాలం తీరిన పొరల ముక్కలు అన్నీ అక్కడికే చేరి, ముడిసరుకుగా విడిపోయి, మళ్లీ కణానికే అందుతాయి. ఈ స్వయంభక్షణను నడిపే జన్యువులను ఈస్టు కణాలలో గుర్తించిన యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకు పరీక్షలో రెండు మార్కులకు రాసేదే.

పరీక్షలో రాయనిది మరొకటి ఉంది. 1949లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ డి డూవ్ కాలేయంపై ఇన్సులిన్ ప్రభావాన్ని పరిశీలిస్తున్నారు. ఆయనకు కావలసిన ఎంజైము వేరు; పోలిక కోసం పక్కన ఆమ్ల ఫాస్ఫటేజును కూడా కొలిచారు. ఎలుక కాలేయాన్ని సున్నితంగా నూరి కొలిస్తే రావలసినదానిలో పదో వంతే వచ్చింది. అదే నమూనాను ఫ్రిజ్‌లో ఉంచి ఐదు రోజుల తరువాత కొలిస్తే చురుకుదనం ఎన్నో రెట్లు పెరిగి కనిపించింది. కొలతలో ఏదో తేడా వచ్చిందని పారబోసి ఊరుకోవచ్చు, కానీ ఆయన ఊరుకోలేదు. ఎంజైము ఏదో పొరలో బందీగా ఉందని, నిల్వలో ఆ పొర చివికి అది బయటపడిందని ఊహించి, వెంటపడి నిరూపించి, 1955లో దానికి లైసోసోమ్ అని పేరు పెట్టారు.

ఫాస్ఫటేజును కొలవడమంటే అది విడగొట్టిన ఫాస్ఫేటును కొలవడమే. ద్రావణంలో నీలిరంగు ఎంత చిక్కబడితే అంత ఫాస్ఫేటు ఉన్నట్టు లెక్కకట్టే ప్రసిద్ధ పద్ధతిని 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి రూపొందించినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు గానీ, తెలుగు సభలో ఈ మాట చెప్పకుండా నేను వేదిక దిగలేను. ఇంత కొలిచిన వారి వారసులమైన మనం రోగి ఎదుట ఉన్నప్పుడు ఎందుకు కొలవడం లేదన్నదే నా ఫిర్యాదు.

మా కళాశాలకు చేరిన ఒక పల్లె పిల్ల సంగతి వినండి. పొట్ట ముందుకు పొడుచుకువచ్చింది, ముక్కు నుంచి తరచూ రక్తం కారేది, రాత్రిళ్లు కాళ్ల ఎముకలు నొప్పి అని ఏడ్చేది. నులిపురుగుల మందు, మలేరియా మందు, ఇనుము మాత్రలు వరుసగా అయ్యాయి. కడుపులో బల్ల అని ఇంట్లో వాళ్లు పెట్టించిన వాతల మచ్చలు పొట్టమీద ఉన్నాయి. చివరకు ఒక పెద్ద ఆసుపత్రిలో, పేరు చెప్పను, ప్లీహాన్నే కోసి తీసేశారు. అది ఎందుకు పెరిగిందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమెకున్న వ్యాధిలో ప్లీహం తీశాక ఎముకల బాధ ముదరవచ్చునన్నది పుస్తకాలలో ఉన్న సంగతే. ఆమె ఎముక మజ్జ స్లైడును మా పెథాలజీ మిత్రుడు సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను పిలిచారు. కేంద్రకం ఒక పక్కకు ఒరిగిపోయి, మిగిలిన కణమంతా నలిపిన పలుచని కాగితంలా ముడతలు పడి ఉంది. తెల్ల రక్తకణాలలో ఒక లైసోసోమ్ ఎంజైమును కొలిపిస్తే దాదాపు లేదని తేలింది.

అది గోషే వ్యాధి. 1882లో ఫ్రాన్సులో ఫిలిప్ గోషే దీనిని తొలిసారి వర్ణించినప్పుడు ప్లీహంలో ఉబ్బిన కణాలను చూసి కణితి అనుకున్నారు. కాలం తీరిన రక్తకణాల పొరల నుంచి వచ్చే గ్లూకోసెరిబ్రోసైడ్ అనే కొవ్వును విడగొట్టలేక ఉబ్బిపోయిన భక్షక కణాలవి. ఆ కొవ్వును విడగొట్టే లైసోసోమ్ ఎంజైము లోపమే ఇందుకు కారణమని 1965లో అమెరికాలో రాస్కో బ్రాడీ బృందం చూపింది. గోషే గారికి ఆనాడు కొలిచే సాధనం లేదు. మనకు అట్టముక్క మీద ఆరబెట్టిన కొన్ని రక్తపు చుక్కలు చాలు.

ఆ పిల్ల తల్లిని మేనమామకిచ్చి పెళ్లి చేసింది పెద్దలే, బిడ్డ జబ్బుకు నింద మోసింది మాత్రం ఆమె ఒక్కతే. అమ్మలారా, అయ్యలారా, ఈ జబ్బులో లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఇద్దరూ వాహకులైతే, అంటే ఒక్కొక్కరిలో అలాంటి జన్యువు ఒక్కటే ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది కానీ బయటి సంబంధాలలోనూ ఈ జబ్బు వస్తుంది. అరుదైన జబ్బుతో మనకేం పని అనుకునేవారికి ఒక మాట: ఇదే జన్యువులో ఒక్క ప్రతి దెబ్బతిన్న వాహకులకు పార్కిన్సన్ వ్యాధి ముప్పు ఇతరులకంటే ఎక్కువ.

మందు 1991 నుంచి ఉంది. లోపించిన ఎంజైమును రెండు వారాలకొకసారి నరం ద్వారా ఎక్కిస్తే ప్లీహం, కాలేయం తగ్గుతాయి, రక్తం కోలుకుంటుంది. మెదడులోకి మాత్రం ఆ ఎంజైము వెళ్లలేదు కాబట్టి అక్కడ పనిచేయదు. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఇచ్చే సాయం పరిమితిని 2022లో 50 లక్షల రూపాయలకు పెంచారు. అది మంచి పనే. అయితే మందు జీవితాంతం వాడాలి, మోతాదు బరువును బట్టి ఉంటుంది. పిల్ల ఎదిగే కొద్దీ ఖర్చు పెరుగుతుంటే పరిమితి ఉన్నచోటే ఉంటోంది. వేదికపై ఉన్న అధికారులు ఈ ఒక్క వాక్యాన్ని రాసుకుని వెళ్లాలని నా విన్నపం.

పీజీ విద్యార్థులారా, కారణం తెలియకుండా పెరిగిన ప్లీహం, తగ్గిన ప్లేట్‌లెట్లు, ఎముకల నొప్పి ఒకే బిడ్డలో కనిపిస్తే, శస్త్రచికిత్స కాగితం మీద సంతకం పెట్టేముందు ఎంజైము పరీక్షకు నమూనా పంపండి. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ కలిసి ఈ వ్యాధులకు జాతీయ కేంద్రంగా పనిచేస్తున్నాయి. జబ్బు తేలిన రోజే తల్లిదండ్రులిద్దరి జన్యు ఫలితాలను కూడా రాయించి వారి చేతికివ్వండి. తరువాతి కాన్పులో పదకొండో వారం దాటగానే గర్భస్థ పరీక్ష చేయాలంటే ఆ కాగితం ముందుగానే సిద్ధంగా ఉండాలి.