బస్తా కదల్లేదు, మరి ఘర్షణ ఎంత?

నేను: నమస్కారమండీ. ఈసారి స్టూడియో లేదు. మండపేట దగ్గర ఒక రైస్ మిల్లు ఆవరణలో, లారీ పక్కన కూర్చున్నాం. వెనకాల మిషన్ మోత వస్తుంది, సర్దుకుపోండి. ఇంటర్ పిల్లలకి చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు నాతో ఉన్నారు. నాకూ చెప్పారు, ఏదో బొటాబొటిగా గట్టెక్కాను. మాస్టారూ, లారీ చెక్క మీద ధాన్యం బస్తా ఉంది. 75 కిలోలు. ఇందాక నేను తోస్తే కదల్లేదు. ఘర్షణ బలం ఎంతండీ?

మాస్టారు: గోనెకీ చెక్కకీ ఘర్షణ గుణకం, అంటే ఆ రెండూ ఎంత గట్టిగా పట్టుకుంటాయో చెప్పే అంకె, 0.4 అనుకో. నువ్వే చెప్పు.

నేను: 75ని గురుత్వ త్వరణం 9.8తో గుణిస్తే బరువు 735 న్యూటన్లు. దాన్ని 0.4తో గుణిస్తే 294.

మాస్టారు: ఆయ్, పిల్లలందరూ పడే గోతిలోనే పడ్డావు. నువ్వెంత బలంతో తోశావు?

నేను: ఒక 100 న్యూటన్లు వేసుకోండి.

మాస్టారు: అయితే ఘర్షణా 100 న్యూటన్లే. నువ్వు 100 తోస్తుంటే అది 294 తోస్తే బస్తా నీ మీదకి రావాలిగా! కదలనంతసేపూ నువ్వెంత తోస్తే అదీ అంతే. 294 దాని హద్దు. అది దాటితే జారుతుంది. జారడం మొదలయ్యాక ఘర్షణ కొంచెం తగ్గుతుంది కూడా. అందుకే బస్తాలు మోసే జట్టువాళ్లు మొదట ఒక్క ఊపుతో కదిపి, ఇక ఆపకుండా లాక్కుపోతారు.

నేను: 294 న్యూటన్లంటే చేతికి అందట్లేదండీ.

మాస్టారు: 9.8ని పక్కన పెట్టు. 75ని 0.4తో గుణిస్తే 30. అంటే 30 కిలోలు ఎత్తడానికి పట్టేంత బలం. ఇప్పుడు అసలు సంగతి. ఆ కుర్రాణ్ణి చూడు, బస్తా మూలలు పట్టుకుని ఏటవాలుగా పైకి లాగుతున్నాడు. నువ్వేమో వంగి, కిందకి అదిమి తోశావు.

నేను: తేడా ఏముందండీ? బస్తా అదే, చెక్కా అదే.

మాస్టారు: చెక్క మీద పడే ఒత్తుడు మారిపోయిందయ్యా. గుణించాల్సింది బరువుతో కాదు, అభిలంబ బలంతో, అంటే చెక్క బస్తాని నిటారుగా పైకి నెట్టే బలంతో. పైకి లాగితే కొంత బరువు చేతుల్లోకొస్తుంది, ఆ మేరకు చెక్క మీద ఒత్తుడు తగ్గుతుంది. 30 డిగ్రీల కోణంలో లాగావనుకో. 294ని, కొసైన్ 30కి 0.4 రెట్ల సైన్ 30 కలిపి భాగించు. 0.866కి 0.2 కలిపితే 1.066. సుమారు 276 న్యూటన్లతో బస్తా కదులుతుంది. అదే కోణంలో కిందకి తోస్తే 0.2ని కలపడం కాదు, తీసెయ్యాలి. 0.666తో భాగిస్తే ఎంత?

నేను: 441! 28 కిలోల పనికి నేను 45 కిలోల బలం పెట్టాలన్నమాట.

మాస్టారు: అదీ నడుము పట్టేలా.

నేను: బస్తాని నిలబెడితే? అడుగు తక్కువ తగులుతుంది కదా.

మాస్టారు: ఘర్షణ దాదాపు అంతే. ఫ్రాన్స్‌లో అమోంటాన్ 1699లోనే చెప్పాడు, తగిలే వైశాల్యంతో పనిలేదని. తర్వాత కూలుంబ్, అదే విద్యుదావేశాల కూలుంబే, దీన్ని ఇంకా లోతుగా పరీక్షించాడు.

నేను: మరి వానలో కాలవ గట్టు మీద నా బండి జారినప్పుడు?

మాస్టారు: పొడి చెక్కకి చేసిన లెక్కని బురదకి అంటగట్టకు. మన నల్లమట్టి తడిస్తే మధ్యలో జారుడు పొర చేరుతుంది, అక్కడ ఈ సూత్రం సరిగ్గా నిలబడదు.

నేను: ఇంతకీ ఆ 0.4 ఎక్కడిదండీ?

మాస్టారు: ఊరికే అనుకున్నాం. కొలుద్దాం రా. ఆ బల్ల తీసుకో, లారీకి వేసిన చెక్కే. బస్తా మొత్తం అక్కర్లేదు, చిన్న గోనెసంచిలో నాలుగు కిలోల ధాన్యం చాలు. గుణకానికి బరువుతో పని లేదు. సంచిని బల్ల మీద పెట్టి, ఒక కొస మెల్లగా లేపు... ఇంకొంచెం... ఆగు! జారింది. టేపు పెట్టు.

నేను: ఎత్తు 3 అడుగులు. నేల మీద 6 అడుగులు.

మాస్టారు: ఎత్తుని నేల మీది దూరంతో భాగించు. జారడం మొదలైన వాలు దగ్గర ఆ వచ్చేదే గుణకం.

నేను: 0.5. అంటే ఇందాకటి 30 కిలోలు...

మాస్టారు: ముప్పై ఏడున్నర. ఆ కుర్రాడికి చెప్పకు, కూలి పెంచమంటాడు.