కొట్టు గల్లాపెట్టె నుంచి గవర్నర్ కుర్చీ దాకా: లీలాండ్ స్టాన్‌ఫర్డ్

అక్క: నమస్తే అండి. ఈ వారం ఒక కిరాణా వ్యాపారి కథ చెప్పుకుందాం. పేరు వింటే మీకు కొట్టు గుర్తుకు రాదు, యూనివర్సిటీ గుర్తొస్తుంది. లీలాండ్ స్టాన్‌ఫర్డ్.

తమ్ముడు: మన ఇళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు ఉండరు అక్కా. పెద్దమ్మ మనవడు అప్లికేషన్ పెట్టిన ఏడాది ఇంటిల్లిపాదికీ టెన్షన్. కానీ ఆ పేరుగల మనిషి పిండి బస్తాలు అమ్మాడని నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు.

అక్క: పిండి, పంది మాంసం, పారలు, బూట్లు, గనుల్లో పనిచేసేవాళ్లకి ఏం కావాలంటే అవి. మొన్న కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటో వెళ్లి ఆయన ఇల్లు చూసొచ్చాను. ఇప్పుడది మ్యూజియం. అక్కడ తిరుగుతుంటే నాకు మన తెనాలి తాతయ్య కొట్టే కళ్ల ముందు మెదిలింది. సరుకు, అరువు, ఖాతా. ఈయన జీవితం మొత్తం ఆ లెక్కలోనే అర్థమవుతుందని నాకు గట్టిగా అనిపించింది.

తమ్ముడు: సరే, మొదటి నుంచి చెప్పు. పుట్టుకతోనే వ్యాపార కుటుంబమా?

అక్క: కాదు. 1824లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ పక్కన ఒక రైతు ఇంట్లో పుట్టాడు. లా చదివాడు. 1848లో విస్కాన్సిన్‌లో పోర్ట్ వాషింగ్టన్ అనే ఊళ్లో ప్రాక్టీసు పెట్టాడు. 1850లో జేన్ లాత్రోప్‌తో పెళ్లి. 1852లో అగ్నిప్రమాదం జరిగి లా పుస్తకాలన్నీ కాలిపోయాయి.

తమ్ముడు: అయ్యో. ఆ రోజుల్లో లాయరుకి పుస్తకాలు పోతే చేతులు విరిగినట్టే.

అక్క: అవును మరి. అప్పటికే అన్నదమ్ములు కాలిఫోర్నియా వెళ్లి శాక్రమెంటోలో సరుకుల వ్యాపారం చేస్తున్నారు. బంగారం దొరుకుతుందని లోకమంతా అక్కడికే పరుగెడుతున్న కాలం. ఈయనా బయల్దేరాడు. భార్యని ఆల్బనీలో పుట్టింట్లోనే ఉంచాడు. మిషిగన్ బ్లఫ్ అని కొండల్లో ఒక గనుల ఊరు ఉంది, అక్కడ కొట్టు నడిపాడు. ఆ ఊరికి మేజిస్ట్రేటు లాంటి పని కూడా చేశాడు. అంటే పొద్దున సరుకు తూచిన చేత్తోనే గొడవలు తీర్చడం.

తమ్ముడు: మన ఊళ్లలో కూడా అంతే కదా. కొట్టు అరుగు మీద సగం పంచాయతీలు తెగేవి.

అక్క: అదే! షావుకారుకి ఊళ్లో అందరి గుట్టూ తెలుసు. ఎవడికి ఎంత అప్పుంది, ఎవడు మాట మీద నిలబడతాడు, ఎవడు నిలబడడు. రాజకీయానికి అంతకంటే మంచి బడి ఎక్కడుంటుంది? 1856లో భార్యని తీసుకొచ్చి శాక్రమెంటోలో స్థిరపడి, అన్నదమ్ముల హోల్‌సేల్ వ్యాపారం తన చేతిలోకి తీసుకున్నాడు. అదే ఏడాది కాలిఫోర్నియాలో రిపబ్లికన్ పార్టీ పెట్టినవాళ్లలో ఈయనొకడు. అప్పుడు ఆ పార్టీకి దిక్కూ మొక్కూ లేదు. రాష్ట్రమంతా డెమోక్రాట్లదే.

తమ్ముడు: మరి గెలిచే పార్టీని వదిలి ఇందులోకి ఎందుకొచ్చాడు?

అక్క: బానిసత్వం కొత్త రాష్ట్రాలకి పాకకూడదన్నది ఒకటి, పసిఫిక్ దాకా రైలు రావాలన్నది రెండోది. ఆ పార్టీ ఈ రెండూ చెప్పింది. రైలు వస్తే సరుకు చవగ్గా వస్తుంది, వ్యాపారికి అంతకంటే ఏం కావాలి! 1857లో రాష్ట్ర ట్రెజరర్‌గా పోటీ చేసి ఓడాడు. 1859లో గవర్నర్‌గా నిలబడి మూడో స్థానంలో వచ్చాడు. 1861లో మళ్లీ నిలబడ్డాడు. అప్పటికి అంతర్యుద్ధం మొదలై డెమోక్రాట్లు రెండుగా చీలిపోయారు. ఈయన గెలిచాడు. కాలిఫోర్నియాకి మొదటి రిపబ్లికన్ గవర్నర్.

తమ్ముడు: పడవలో వెళ్లి ప్రమాణ స్వీకారం చేశాడని చెప్పావు కదా, అది చెప్పు.

అక్క: అది వినాలి. 1862 జనవరి 10. ఆ శీతాకాలం కాలిఫోర్నియా చరిత్రలోనే పెద్ద వరద. శాక్రమెంటో వీధులు నదులైపోయాయి. కొత్త గవర్నర్ ఇంటి దగ్గర తెడ్ల పడవ ఎక్కి ప్రమాణానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కింది అంతస్తులోకి నీళ్లొచ్చేశాయి. పడవని గోడకి ఆనించి, పై అంతస్తు కిటికీలోంచి ఇంట్లోకి దూకాల్సి వచ్చింది. నేను ఆ ఇంటి ముందు నిలబడి తల పైకెత్తి చూశానురా. గవర్నరైన రోజున ఒక మనిషి కోటు తడుపుకుంటూ తన ఇంటి కిటికీ ఎక్కడమనేది ఊహించుకుంటే ఏదో అయిపోయింది. తర్వాత కొన్నాళ్లకే శాసనసభని శాన్‌ఫ్రాన్సిస్కోకి మార్చేశారు.

తమ్ముడు: ఆ రోజు ఏం మాట్లాడాడు? మొదటి ప్రసంగం కదా.

అక్క: అక్కడే నాకు గుండె బరువెక్కింది. ఆ ప్రసంగంలో చైనావాళ్ల గురించి మాట్లాడాడు. వాళ్లది తక్కువ జాతి అన్నాడు, ఆసియా తన జనంలోని మడ్డిని మన ఒడ్డుకి పంపిస్తోందన్నాడు. వాళ్లు ఇక్కడ స్థిరపడకుండా చట్టం ఒప్పుకునే ప్రతి దారిలోనూ ఆపాలన్నాడు. మాటతో ఆగలేదు. ఏప్రిల్‌లో ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. చైనా మనిషి ఒక్కొక్కడి మీద నెలకి రెండున్నర డాలర్ల పన్ను. కొన్ని పనులు చేసేవాళ్లకి మాత్రం మినహాయింపు. ఆ చట్టం పేరులో ఉన్న మాట ఏమిటో తెలుసా? కూలీ. మనం రోజూ వాడే కూలీయే.

తమ్ముడు: మన మాట అంత దూరం వెళ్లి అలాంటి కాగితం మీద కూర్చుందా!

అక్క: కూర్చుంది. అయితే ఆ పన్ను చెల్లదని అదే ఏడాది కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కొట్టేసింది.

తమ్ముడు: ఆగక్కా. రైలు రోడ్డు వేసింది చైనావాళ్లే కదా? ఆ రైలు కంపెనీ ఈయనదే కదా?

అక్క: అదేరా అసలు కథ. కొంచెం వెనక్కి వెళ్దాం. థియోడర్ జూడా అని ఒక ఇంజనీరు. సియెర్రా కొండల మీదుగా రైలు వేయొచ్చని దారి సర్వే చేసి, డబ్బు పెట్టేవాళ్ల కోసం శాన్‌ఫ్రాన్సిస్కో అంతా తిరిగాడు. ధనవంతులెవరూ నమ్మలేదు. చివరికి నమ్మింది శాక్రమెంటో కొట్ల వాళ్లు నలుగురు. హంటింగ్టన్, హాప్‌కిన్స్‌లది ఇనప సామాను కొట్టు. క్రాకర్‌ది బట్టల కొట్టు. స్టాన్‌ఫర్డ్‌ది కిరాణా హోల్‌సేల్. 1861 జూన్‌లో సెంట్రల్ పసిఫిక్ కంపెనీ పెట్టారు, స్టాన్‌ఫర్డ్ ప్రెసిడెంటు. సెప్టెంబరులో గవర్నర్‌గా గెలిచాడు.

తమ్ముడు: అంటే రెండు కుర్చీల్లోనూ ఒక్కడే?

అక్క: ఒక్కడే. 1862 జూలైలో లింకన్ సంతకంతో పసిఫిక్ రైల్వే చట్టం వచ్చింది. వేసిన ప్రతి మైలుకీ కేంద్రం బాండ్ల రూపంలో అప్పు ఇస్తుంది. మైదానంలో మైలుకి 16 వేల డాలర్లు, కొండల్లో అయితే 48 వేలు. మరి కొండ ఎక్కడ మొదలవుతుంది? రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త శాక్రమెంటో నుంచి ఏడు మైళ్ల దూరంలోనే మొదలవుతుందని తేల్చాడు. కంటికి కనిపించే కొండలు చాలా మైళ్ల అవతల ఉన్నాయి. ఆ లెక్కని లింకన్ ఒప్పుకున్నాడు.

తమ్ముడు: చదును నేలకి కొండ రేటు!

అక్క: మూడు రెట్లు. 1863 జనవరి 8న శాక్రమెంటో బురదలో మొదటి పార మట్టి వేసింది కూడా గవర్నర్ స్టాన్‌ఫర్డే. ఆ ఏడాదే క్రాకర్ అన్న ఎడ్విన్‌ని రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిగా వేశాడు. ఆ ఎడ్విన్ ఎవరు? రైలు కంపెనీ లాయరు. ఇవాళ ఇలాంటిది జరిగితే మనం టీవీల ముందు కూర్చుని ఎంత రచ్చ చేస్తామో ఆలోచించు. నాకు మాత్రం ఇది తప్పే. ఆ కాలంలో అలాంటివి మామూలే అని సర్దుకుపోవడం నాకు చేతకాదు. ప్రజల కుర్చీలో కూర్చుని సొంత కొట్టు లెక్క చూసుకున్నాడు.

తమ్ముడు: ఆ ఇంజనీరు ఏమయ్యాడు?

అక్క: జూడాకి ఈ నలుగురితో పడలేదు. వీళ్ల వాటా కొనేసేవాళ్లని వెతుకుదామని పనామా మీదుగా న్యూయార్క్ బయల్దేరాడు. దారిలో ఎల్లో ఫీవర్ తగిలి 1863 నవంబరులో పోయాడు. 37 ఏళ్లు. ఆ రైలు తిరగడం ఆయన చూడలేదు.

తమ్ముడు: ఇప్పుడు చైనావాళ్ల సంగతికి రా.

అక్క: గవర్నర్ పదవి అప్పట్లో రెండేళ్లే. 1863 చివర్లో దిగిపోయాడు. పనికి మనుషులు దొరకట్లేదు. తెల్లవాళ్లు వచ్చినట్టే వచ్చి గనులకి పారిపోతున్నారు. అప్పటిదాకా చైనావాళ్లు ఏ కొద్దిమందో ఉండేవాళ్లు. 1865లో ముందు యాభైమందిని పెట్టి చూశారు. తర్వాత వందలు, వేలు. చివరికి పది వేలు దాటారు, కంపెనీ పనివాళ్లలో నూటికి ఎనభై మంది పైనే వాళ్లు. మొదట్లో నెలకి 26 డాలర్లు, తర్వాత ముప్పై, ముప్పై అయిదు. తిండి ఖర్చు వాళ్లదే. తెల్లవాళ్లకి తిండి కంపెనీది.

తమ్ముడు: పని ఎలా ఉండేది?

అక్క: సియెర్రా శిఖరం దగ్గర ఒక సొరంగం ఉంది, 1,659 అడుగులు. గట్టి గ్రానైటు. చేత్తో ఉలి తిప్పుతూ సుత్తితో కొట్టి చిల్లు చేయాలి, అందులో మందు దట్టించి పేల్చాలి, రాయి ఎత్తిపోయాలి. రోజంతా కష్టపడితే ఒక్కో వైపు అడుగు సాగడం గగనం. అందుకని కొండ నడినెత్తి నుంచి బావిలాగా తవ్వి లోపలికి దిగారు, రెండు చివర్ల నుంచీ మధ్యలోంచీ మొత్తం నాలుగు వైపులా తవ్వారు. బయట ఇంటి ఎత్తు మంచు. మంచు కిందే సొరంగాలు చేసుకుని ఆ దారిలో పనికి వెళ్లొచ్చేవాళ్లు. మంచు చరియలు కూలి గుడారాలకి గుడారాలే కొట్టుకుపోయాయి. కొందరి శవాలు వేసవిలో మంచు కరిగాక దొరికాయి.

తమ్ముడు: వినలేకపోతున్నానక్కా.

అక్క: 1867 జూన్‌లో సుమారు మూడు వేలమంది ఒక్కసారిగా పని ఆపేశారు. గొడవ లేదు, గలాటా లేదు. నలభై డాలర్ల జీతం కావాలి, పని గంటలు తగ్గించాలి అన్నారు. క్రాకర్ ఏం చేశాడో తెలుసా? కొండ మీదికి తిండి సరుకు వెళ్లకుండా ఆపేశాడు. వారంలో సమ్మె ముగిసింది. ఆకలి మీద గెలిచిన గెలుపు అది.

తమ్ముడు: మరి స్టాన్‌ఫర్డ్ ఏమన్నాడు? మడ్డి అన్నవాడు?

అక్క: 1865 అక్టోబరులోనే ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్‌కి నివేదిక పంపాడు. వీళ్లు నెమ్మదస్తులు, ఓపికమంతులు, కష్టజీవులు, పొదుపరులు అని రాశాడు. వీళ్లు లేకపోతే చట్టం పెట్టిన గడువులో ఈ పని పూర్తి కావడం అసాధ్యం అన్నాడు. ప్రమాణ స్వీకారం నాటి ప్రసంగానికీ ఈ కాగితానికీ మధ్య నాలుగేళ్లు కూడా లేవు. మనుషులు మారలేదురా. లెక్క మారింది. అప్పుడు వాళ్ల మీద ఓట్లు వచ్చాయి, ఇప్పుడు వాళ్ల వల్ల మైళ్లు వస్తున్నాయి.

తమ్ముడు: 1869లో తూర్పు నుంచీ పడమర నుంచీ వేసుకొచ్చిన పట్టాలు కలిసినచోట బంగారు మేకు కొట్టింది ఈయనే కదా?

అక్క: మే 10, యూటాలో ప్రోమంటరీ సమ్మిట్. బంగారు మేకుని ముందే చేసిన రంధ్రంలో పెట్టి, వెంటనే తీసేశారు. అసలు ఇనప మేకుని కొట్టబోయి స్టాన్‌ఫర్డ్ గురి తప్పాడని చెబుతారు. ఆ బంగారు మేకు స్టాన్‌ఫర్డ్ క్యాంపస్ మ్యూజియంలో ఉంటుంది. నేను చూశాను. జానెడు కూడా ఉండదు. నాలుగు వైపులా సన్నటి అక్షరాలు చెక్కారు. అందులో ఒక తేదీ ఉంది, మే 8 అని.

తమ్ముడు: పదో తారీకు కదా?

అక్క: ఎనిమిదిన అనుకున్నారు, రెండు రోజులు ఆలస్యమైంది. తూర్పు నుంచి పట్టాలు వేసుకొస్తున్న యూనియన్ పసిఫిక్ కంపెనీ పెద్దమనిషి డ్యురాంట్ రైలు పెట్టెని, జీతాలు అందని పనివాళ్లు వ్యోమింగ్‌లో ఆపేసి కదలనివ్వలేదు. వరదకి దారి కూడా దెబ్బతింది. కూలి డబ్బులు ఎగ్గొట్టినందుకు ఆగిన ఆ రైలు గుర్తు ఇప్పటికీ బంగారం మీద తప్పు తేదీగా ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను.

తమ్ముడు: పిల్లవాడి సంగతి చెప్పలేదు.

అక్క: పెళ్లయిన 18 ఏళ్లకి 1868లో ఒక్క కొడుకు. పేరు లీలాండ్ జూనియర్. 1884లో ఇటలీ ప్రయాణంలో టైఫాయిడ్ వచ్చి ఫ్లారెన్స్‌లో పోయాడు. ఇంకా పదహారు నిండలేదు. కాలిఫోర్నియా పిల్లలే ఇక మన పిల్లలు అని ఆ దంపతులు నిర్ణయించుకున్నారు. మరుసటి ఏడాది యూనివర్సిటీ పెట్టారు. దాని అసలు పేరు ఇప్పటికీ లీలాండ్ స్టాన్‌ఫర్డ్ జూనియర్ యూనివర్సిటీ. 1891లో తలుపులు తెరిచినప్పుడు ఫీజు లేదు, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి చేర్చుకున్నారు. ఆ దుఃఖంలో నాకు ఏ లెక్కా కనిపించలేదు. అది తల్లిదండ్రుల ఏడుపే.

తమ్ముడు: ఆయన పోయాక?

అక్క: సెనేటర్‌గా ఉండగానే 1893 జూన్‌లో పోయాడు. రైలు అప్పు కింద 15 మిలియన్ డాలర్లు రావాలని కేంద్రం ఆస్తి మీద కేసు వేసింది. జేన్ ఒంటరిగా నిలబడింది. ప్రొఫెసర్లని తన ఇంటి పనివాళ్ల లెక్కలో చూపించి, కోర్టు ఇచ్చే ఇంటి ఖర్చులోంచి జీతాలిచ్చింది. 1896లో సుప్రీంకోర్టులో గెలిచింది. యూనివర్సిటీ నిలిచిందంటే అది ఆవిడ చలవే.

తమ్ముడు: మరి ఆ కూలీలు? వాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?

అక్క: 1869 ఏప్రిల్ 28న ఒక్క రోజులో పది మైళ్ల పట్టాలు వేశారు. పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐరిష్ వాళ్ల పేర్లు రాసి పెట్టారు. వాళ్లతో పాటు పనిచేసిన చైనావాళ్ల పేర్లు రాయలేదు. 1864 జనవరి జీతాల పద్దులో హంగ్ వా, ఆ టాయ్ అని పేర్లున్నాయి. ఎక్కువగా మేస్త్రీల పేర్లే ఉంటాయి, డబ్బంతా వాళ్ల చేతికే ఇచ్చేవాళ్లు. 2012లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోనే వీళ్ల చరిత్ర కోసం ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. రెండు దేశాల్లో ఏళ్ల తరబడి వెతికారు. అన్ని వేలమందిలో ఒక్క కూలీ రాసిన ఉత్తరం కూడా దొరకలేదు.

తమ్ముడు: తాతయ్య ఖాతా పుస్తకంలో గంపలు మోసినవాళ్ల పేర్లు కూడా ఉండేవి అక్కా. ఎవరికి ఎంత ఇచ్చాడో రాసేవాడు.

అక్క: ఉండేవి. ఆ పుస్తకం అమ్మ దగ్గరే ఉంది. ఈసారి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చదువుదాం.