గీత పడిందా, గీకేశారా? జర్మన్ క్రియ ‘త్సెర్‌క్రట్సెన్’

[తెర మీద: ఖాళీ గది. చెక్క నేల మీద కుర్చీ లాగిన గీతలు.]

జర్మనీలో అద్దె గది ఖాళీ చేసే రోజు. యజమాని నేలను పరికించి చూసి, అప్పగింత పత్రంలో రెండు ముక్కలు రాశాడు: ‘పార్కెట్ త్సెర్‌క్రట్స్ట్’, అంటే చెక్క నేల గీకేసి ఉంది అని. సంతకం పెట్టకండి, ఆగండి. అక్కడ డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా ఉండవచ్చు. దానికి ఎసరు పెట్టగల మాట ఇది.

మూలక్రియ ‘క్రట్సెన్’. గోకడం, గీకడం, రక్కడం అన్నీ అదే. గరుకు స్వెటర్ ఒంటికి గుచ్చుకున్నా ‘దేర్ పులోవర్ క్రట్స్ట్’ అంటారు. ఇందులో పాడైనదేమీ లేదు. ముందు ‘త్సెర్’ చేరిందా, వస్తువు చెడిందన్నమాటే. ‘ష్నైడెన్’ కోయడం అయితే ‘త్సెర్‌ష్నైడెన్’ ముక్కలుగా కోయడం. అలాగే ‘త్సెర్‌క్రట్సెన్’ అంటే పైభాగం పాడయ్యేలా గీకేయడం.

ఆ ‘గీకేయడం’ గమనించారా? రక్కింది, రక్కేసింది, చించాడు, చించేశాడు. అచ్చంగా ఒకటే కాకపోయినా, వాళ్లు క్రియకు ముందు తగిలించే బరువును మనం వెనక తగిలిస్తాం.

పలకడానికి భయం వద్దు. చాప, చలి అనేటప్పుడు మన నోట వచ్చే దంత్య చకారమే ఆ ‘త్స’. ఊనిక మాత్రం ‘క్రట్’ మీద.

[తెర మీద: గీతలు పడిన కారు తలుపు.]

‘యేమాంట్ హాట్ మైన్ ఆటో త్సెర్‌క్రట్స్ట్’: ఎవరో నా కారును గీకేశారు. మామూలు ‘క్రట్సెన్’ భూతకాలంలో ‘గెక్రట్స్ట్’ అవుతుంది. ‘త్సెర్’ ఉన్నచోట ‘గె’ రాదు, పైగా ‘త్సెర్’ క్రియను ఎన్నడూ విడిచిపోదు.

[తెర మీద: పిల్లి. అమాయకపు ముఖం.]

‘దీ కాట్సె హాట్ మీర్ దీ హెండె త్సెర్‌క్రట్స్ట్.’ పిల్లి ‘నా చేతులు’ రక్కేసింది అంటాం మనం. జర్మన్లు ‘నాకు చేతులు’ అంటారు. ఆ ‘మీర్’ మరిచిపోవద్దు.

‘అప్‌క్రట్సెన్’తో జాగ్రత్త. చలికాలంలో కారు అద్దం మీది మంచు గీకి తీయడం అదే. కానీ మనిషి గురించి ‘ఎర్ ఇస్ట్ అప్‌గెక్రట్స్ట్’ అంటే ‘చచ్చాడు’ అని మొరటుగా అన్నట్టు.

మళ్లీ మన గదికి వద్దాం. నేల మీద ఉన్నది ఒకటే గీత అయితే దాని పేరు ‘ఐన్ క్రట్సర్’. పత్రంలో ఆ మాటే రాయమనండి. సక్రమమైన వాడకం వల్ల వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యత లేదని జర్మన్ పౌర స్మృతి 538వ సెక్షన్ చెబుతోంది. కుర్చీ కాళ్ల కింద ఫెల్ట్ ముక్కలు అంటించి ఉంటే ఈ వాదన కూడా అక్కరలేకపోయేది.