టెక్స్ట్ ఫైల్లోంచి ఒక్క కాలమ్ కావాలి: కట్, ఆక్, పాండాస్‌లో ఏది నయం?

నమస్తే అండీ. ఈరోజు రివ్యూకి కారణం మా బావ. రైస్ మిల్లులో కాటా దగ్గర ఉంటాడు. నెల మొత్తం తూకాల ఫైల్ వాట్సాప్‌లో పడేసి, "నికర బరువు మొత్తం ఎంతో చెప్పరా" అన్నాడు. చూస్తే మామూలు టెక్స్ట్ ఫైల్. స్లిప్ నంబరు, తేదీ, లారీ నంబరు, పార్టీ పేరు, లోడు బరువు, ఖాళీ బరువు, చివర్లో నికర బరువు. మధ్యలో అన్నీ స్పేస్‌లే.

ముందు కట్. ఇది లినక్స్‌లో టైప్ చేసి వాడే చిన్న కమాండ్. స్పేస్ దగ్గర విడగొట్టి ఏడో కాలమ్ ఇవ్వమంటే ఖాళీ లైన్లు వచ్చాయి. వరుసగా నాలుగు స్పేస్‌లుంటే కట్ లెక్కలో నాలుగూ వేర్వేరు హద్దులు. పైగా మూడో కాలమ్ ముందు, ఒకటో కాలమ్ తర్వాత ఇవ్వమన్నా వినదు, ఫైల్లో ఉన్న వరుసలోనే ఇస్తుంది. అయితే కాలమ్‌లు నిలువుగా సరిగ్గా అమరి ఉంటే, ఇన్నో అక్షరం నుంచి ఇన్నో అక్షరం దాకా అని అడగొచ్చు. అది బాగానే పనిచేసింది. సరదాకి పార్టీ పేరు తెలుగులో 'రాజు' అని కొట్టి చూశా, ఆ లైను చెడింది. నా ఉబుంటు 22.04 లినక్స్‌లోని కట్ అక్షరాలని కాదు, బైట్లని లెక్కపెడుతుంది. కంటికి రెండక్షరాలు, దానికి 12.

ఇక ఆక్. ఇదీ అలాంటి కమాండే. 1977లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది, ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు: అహో, వైన్‌బెర్గర్, కెర్నిగన్. స్పేస్‌లు ఎన్నున్నా ఒకే హద్దుగా తీసుకుంటుంది. సింగిల్ కోట్స్‌లో ఫ్లవర్ బ్రాకెట్, లోపల ప్రింట్ డాలర్ 7. అంతే, కాలమ్ వచ్చేసింది.

ఇక్కడే నేను బోల్తా పడ్డా. స్క్రీన్ మీద ఈ లైను చూడండి. లోడు 25360, ఖాళీ 8940, నికరం 16420. ఆక్ ఇచ్చింది 8940! ఎందుకంటే ఈ పార్టీ పేరులో రెండు మాటలున్నాయి, దాంతో కాలమ్‌లన్నీ ఒక గడి పక్కకి జరిగాయి. ఎర్రర్ రాలేదు, వచ్చింది కూడా లారీ బరువులాగే ఉంది. ఇలాంటి తప్పు పట్టుకోవడం చాలా కష్టం. అందుకే డాలర్ 7 బదులు డాలర్ ఎన్‌ఎఫ్ వాడండి. అంటే చివరి కాలమ్, పేరులో ఎన్ని మాటలున్నా సరే.

ఇంకో తమాషా. బరువు పక్కన కేజీ అని ప్రింట్ చేస్తే 16420 కేజీ అని రావాలి కదా, 'కేజీ20' అని వచ్చింది! ఫైల్ విండోస్‌ది. లైను చివర కనిపించని క్యారేజ్ రిటర్న్ ఉంది, అది కర్సర్‌ని మళ్లీ మొదటికి తీసుకెళ్తే కేజీ వెళ్లి అంకెల మీద కూర్చుంది. డాస్‌టుయూనిక్స్ అనే చిన్న టూల్ ఒకసారి నడిపితే పోతుంది.

పాండాస్ అంటే డేటా పనులకి వాడే పైథాన్ లైబ్రరీ, దాని గురించి ఎక్కువ చెప్పను. ఇంత చిన్న పనికి ఇది ఎడ్లబండి సరుకుకి ట్రైలర్ లారీ కట్టడమే. స్లిప్ నంబరు 000412ని 412 చేసేసింది. డీటైప్ స్ట్రింగ్ అని, అంటే ఆ కాలమ్‌ని అంకెలా కాక అక్షరాల్లా చదవమని చెప్తేగానీ సున్నాలు మిగల్లేదు. కానీ మీది కామాలతో కాలమ్‌లు విడగొట్టే సీఎస్‌వీ ఫైల్ అయి, కోట్స్ లోపల కామాలుంటే మాత్రం పాత ఆక్‌ని నమ్మకండి, పైథాన్‌కే వెళ్లండి. ఆక్‌కి గ్నూ వాళ్ల రూపమైన గాక్‌లో 5.3 నుంచి సీఎస్‌వీ ఆప్షన్ వచ్చింది, మీ సిస్టమ్‌లో ఏ వెర్షన్ ఉందో చూసుకోండి.

నా ఓటు ఆక్‌కే. ఒక్క లైనుతో కూడిక కూడా అయిపోయింది. మొత్తం ఎంతో బావకి పంపా. కాసేపటికి రిప్లై వచ్చింది: "సరేగానీ, ఎక్సెల్లో పెట్టి ఇస్తావా?"