ఆ పూలు ఎవరూ చెక్కలేదు: బెర్లిన్ పార్కులో పోత ఇనుము మూత్రశాల

నమస్కారం అండి. ముందు ఈ ఫోటో చూడండి.

[స్క్రీన్ మీద: చెట్ల మధ్య ముదురు ఆకుపచ్చ రంగులో ఎనిమిది పలకల గది]

చూడగానే ఏదో మండపం అనుకుంటారు. ఇది బెర్లిన్‌లో సెనెఫెల్డర్‌ప్లాట్స్ అనే చిన్న పార్కులో ఉన్న మూత్రశాల. మొత్తం పోత ఇనుము. గోడల పైభాగంలో గళ్లు, అంచుల్లో డిజైన్లు, పైన టోపీ పెట్టినట్టు కప్పు.

ఈ ఫోటో నేను ఎవరికి చూపించినా ఒకటే మాట. "డబ్బులెక్కువైతే ఇలాగే ఉంటుంది, మూత్రం పోసే చోట కూడా పూలు చెక్కించుకున్నారు." మా బాబాయి అయితే ఇంకో మెట్టు పైకెక్కి, "ఆ పూలకు పెట్టిన డబ్బుతో ఇంకో నాలుగు కట్టొచ్చు కదరా" అన్నాడు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే లెక్క పూర్తిగా తలకిందులు. ఆ పూలు ఎవరూ చెక్కలేదు. ఆ పూలు వచ్చిన పద్ధతి వల్లే ఊరంతా ఇలాంటి మూత్రశాలలు అన్ని కట్టగలిగారు.

ఎలాగో చెప్తాను. మీరందరూ గులాబీ పువ్వులు తిన్నారు కదా? పండక్కి నూనెలో వేయిస్తారే, అవి. మా అమ్మమ్మ దగ్గర పొడుగు కాడ ఉన్న అచ్చు ఒకటి ఉండేది. కాగే నూనెలో అచ్చు పెట్టి, బాగా కాలాక పిండిలో ముంచేది. అచ్చు పూర్తిగా మునగకుండా, ముప్పాతిక వంతే. మళ్లీ నూనెలో పెట్టి కాస్త ఊపితే పువ్వు విడిపోయి తేలేది. ఒక్కో పువ్వుకి ఎన్ని రేకలు, ఎన్ని గళ్లు! వాటిలో ఒక్క రేకు కూడా అమ్మమ్మ చేత్తో చెయ్యలేదు. ఆ పనితనమంతా ఎప్పుడో ఆ అచ్చు చేసినవాడిది. అమ్మమ్మకి మామూలు అప్పడం వేయించినా, ఈ పువ్వు వేయించినా పడే శ్రమ ఇంచుమించు ఒకటే.

పోత ఇనుము సరిగ్గా ఇదే. ముందు ఒక వడ్రంగి చెక్కతో నమూనా చేస్తాడు. పూలూ గళ్లూ అన్నీ అందులోనే. దాన్ని తడి ఇసుకలో అదిమి తీసేస్తే ఇసుకలో అచ్చు పడుతుంది. ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చల్లారాక ఇసుక దులిపేస్తే పలక చేతికొస్తుంది. తర్వాతి పలకకి మళ్లీ ఇసుకే, నమూనా పాతదే. చిన్న తేడా ఏమిటంటే, మన గులాబీ పువ్వులో పిండి అచ్చుకి బయట అంటుకుంటుంది, ఇక్కడ ఇనుము అచ్చు లోపల నిండుతుంది. కానీ ఖర్చు లెక్క మాత్రం ఒకటే. డిజైన్‌కి ఒక్కసారే కూలి, ఆ తర్వాత వంద పలకలు పోసినా డిజైన్ ఫ్రీ.

ఇంకో సంగతి. ఇనుము అంత సులువుగా కరగదు కదా అంటారేమో. శుద్ధమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. అందులో కార్బన్ 4 శాతం దాకా కలిస్తే 1150 డిగ్రీల దగ్గరే నీళ్లలా అయిపోతుంది. పలచగా ఉంటుంది కాబట్టి సన్నటి రేకు అంచు దాకా పాకుతుంది. పిండి జారుగా ఉంటేనే గులాబీ పువ్వు సన్నగా వస్తుంది, గట్టిగా కలిపితే ముద్దలా వస్తుంది. అదే సూత్రం.

ఇప్పుడు మళ్లీ సెనెఫెల్డర్‌ప్లాట్స్‌కి వద్దాం. అక్కడ మూత్రశాలకి దగ్గర్లోనే సెనెఫెల్డర్ విగ్రహం ఉంది. రాతి పలక మీద నుంచి అచ్చు వేసే పద్ధతి, లిథోగ్రఫీ, కనిపెట్టినాయన. ఆ విగ్రహం పీఠం మీద ఒక చంటివాడు ఆయన పేరును తిరగేసిన అక్షరాలతో రాస్తుంటాడు. ఇంకో చంటివాడు చేతిలో అద్దం పట్టుకుని అందులో చూసి చదువుతుంటాడు. అచ్చు పని చేసేవాళ్ల బుర్ర ఎలా నడుస్తుందో ఇంతకంటే బాగా ఎవరూ చూపించలేరు. పువ్వు ఉబ్బెత్తుగా రావాలంటే ఇసుకలో గుంట పడాలి, గళ్లు కావాలంటే అక్కడ ఇసుక నిలబడాలి. మూత్రశాల గోడ పోసినవాడు కూడా అలా తిరగేసి ఆలోచించినవాడే. వాళ్లిద్దర్నీ ఒకే పార్కులో చూసినప్పుడు నాకు భలే ఆనందం వేసింది.

సరే, పూలు ఫ్రీ అనుకుందాం. అసలు ఎందుకు పెట్టాలి? ఇక్కడ చాలామంది ఆగరు. ఆ డిజైన్‌లో సగం పని చేసే డిజైనే. సాదా పలకని సన్నగా పోస్తే చల్లారేటప్పుడు వంకర పోతుంది, దెబ్బ తగిలితే చిట్లుతుంది. పలక మీద ఉబ్బెత్తు గీతలు, చట్రాలు ఇస్తే సన్నగా ఉన్నా గట్టిగా నిలబడుతుంది. గళ్లు ఉన్నది గాలి కోసం. లోపల వాసన నిలవకుండా పోవాలి, కానీ మనిషి కనిపించకూడదు. గళ్లన్నీ పైన, కింద మూసిన పలకలు. పలకకీ పలకకీ మధ్య బోల్టులు బిగించిన అతుకు కనపడకుండా పైన ఒక పట్టీ, ఆ పట్టీ మీద డిజైన్. గులాబీ పువ్వుకి కూడా గళ్లు అందానికే కాదు కదా, నూనె అన్ని వైపులా తగిలి కరకరలాడేది వాటివల్లే.

ఎనిమిది పలకలు కూడా అలాగే వచ్చాయి. 1878లో కార్ల్ థియోడర్ రోస్పాట్ అనే నగర బిల్డింగ్ అధికారి దీని డిజైన్ ఇచ్చారు. ఏడు వైపులా ఏడుగురు నిలబడతారు, ఎనిమిదో వైపు దారి. ఆ దారికి ఎదురుగా ఒక అడ్డు తెర, అదీ ఇనుమే. బెర్లిన్ జనం దీనికి ముద్దుగా కఫే ఆఖ్టెక్ అని పేరు పెట్టారు, అంటే ఎనిమిది మూలల కాఫీ హోటల్ అని. ఒకే కొలత పలకలు పోస్తూ పోతే చాలు, పార్కు ఏదైనా సరే తెచ్చి బోల్టులు బిగించడమే. 1920 నాటికి నగరంలో ఇలాంటివి దాదాపు 140 ఉండేవి. ఇప్పుడు మిగిలినవి ఓ ముప్పై. షోకు కోసమైతే ఒక్కటి కట్టి రిబ్బన్ కట్ చేసి వదిలేసేవాళ్లు, అన్ని ఎందుకు కడతారు?

ఎనిమిది పలకలు అంటే మనవాళ్లకి దగ్గర ఉదాహరణ ఒకటి ఉంది. మైసూర్ ప్యాలెస్‌కి వెళ్లారు కదా? అక్కడి కల్యాణ మంటపం కూడా ఎనిమిది పలకలే. నెమళ్ల రంగు అద్దాల కప్పు కింద ఆ స్తంభాలున్నాయే, అవి రాయి కాదు, పోత ఇనుము. స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరంలో ఉన్న వాల్టర్ మక్‌ఫార్లేన్ కంపెనీ వాళ్ల సారాసెన్ ఫౌండ్రీలో పోసి ఓడలో పంపారు. అదే కంపెనీ కేటలాగులో పార్కు రెయిలింగులు, దీప స్తంభాలు, బ్యాండ్ వాయించే మండపాలు, మూత్రశాలలు కూడా ఉండేవి. పేజీ తిప్పి ఏది కావాలంటే అది ఆర్డర్ ఇవ్వడమే. మహారాజు పెళ్లి మంటపానికీ ఆ కేటలాగులోని మూత్రశాలకీ ఒకే ఫౌండ్రీ, ఒకే ఇసుక. మా బాబాయికి ఈ సంగతి చెప్పినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మరి సరిగ్గా 1878లోనే ఎందుకు? అంతకు ఏడాది ముందే బెర్లిన్ జనాభా పది లక్షలు దాటింది. వీధుల పక్కన తెరిచిన కాలువలే మురుగుకి దారి. డాక్టర్ రుడాల్ఫ్ ఫిర్కో లాంటివాళ్లు గట్టిగా పట్టుబట్టాక, జేమ్స్ హోబ్రెక్ట్ అనే ఇంజనీర్ ప్లాన్‌తో 1873లో భూమి కింద మురుగు గొట్టాలు వేయడం మొదలైంది. ఆ గొట్టం లేకుండా ఈ ఇనుప గదికి అర్థమే లేదు. పైన కనిపించేది చూసి మురిసిపోయేవాళ్లు కింద ఉన్న ఆ గొట్టానికి కూడా ఒక దండం పెట్టాలని నా కోరిక.

టైమ్ అయిపోతోంది, రిపేరు సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. గులాబీ పువ్వు కింద పడితే వంగదు, పటుక్కున విరుగుతుంది. పోత ఇనుమూ అంతే. లారీ వెనక్కి వచ్చి గుద్దితే పలక చిట్లిపోతుంది. వెల్డింగ్ చేద్దామంటే వేడికి పక్కన ఇంకో పగులు వస్తుంది. పోనీ, బాగున్న పలక ఒకటి ఊడదీసి, దాన్నే ఇసుకలో అదిమి కొత్తది పోద్దామా? పోయొచ్చు. కానీ ఇనుము చల్లారేటప్పుడు దాదాపు ఒక శాతం కుంచించుకుపోతుంది. అంటే రెండు మీటర్ల పలక రెండు సెంటీమీటర్లు పొట్టిగా వస్తుంది, బోల్టు కన్నాలు కలవవు. పాత వడ్రంగులు ఆ ఒక శాతం ముందే కలిపి గీసిన ప్రత్యేకమైన స్కేలుతో నమూనా చేసేవాళ్లు. అందుకే ఇప్పుడు రిపేరు చేసేవాళ్లు నమూనా మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. పువ్వును చూసి పువ్వు చెయ్యలేం, అచ్చు కావాలి. ఇక రంగు మాత్రం ఎప్పటికప్పుడు వెయ్యాల్సిందే, తేమ తగిలితే తుప్పే.

వాసనకి వియన్నాలో విల్‌హెల్మ్ బీట్స్ అనే ఆయన నీళ్లే లేకుండా నూనెతో ఒక ఉపాయం చేశాడు. గొట్టం మెడలో నూనె తేలుతూ మూతలా ఉంటుంది, మూత్రం కిందికి జారిపోతుంది, వాసన పైకి రాదు, చలికాలం గడ్డ కట్టే నీళ్లూ ఉండవు. దీని మీద వేరే వీడియో చేస్తాను.

ఒక్క విషయం చెప్పకుండా మాత్రం ఆపలేను. ఏడుగురు నిలబడతారు అన్నాను కదా, ఆ ఏడుగురూ మగవాళ్లే. ఇంత తెలివిగా ఆలోచించిన డిజైన్‌లో ఆడవాళ్లకి ఒక్క చోటు లేదు. బజారుకో పనికో వచ్చినావిడ ఇంటికెళ్లేదాకా బిగబట్టుకోవాల్సిందే. నాకు ఈ గదులంటే ఎంత ఇష్టమో, ఈ విషయంలో అంత కోపం. లండన్‌లో 1900 ప్రాంతంలో కామ్‌డెన్‌లో ఆడవాళ్లకి ఒకటి కట్టాలని అంటే, అప్పట్లో అక్కడి స్థానిక సభలో ఉన్న బెర్నార్డ్ షా దాని తరఫున వాదించారు. ఎంత చోటు పడుతుందో చూద్దామని రోడ్డు మీద ఒక చెక్క నమూనా పెడితే, బండివాళ్లు దాన్ని పనిగట్టుకుని గుద్దిపోయారు. అది కట్టడానికి ఏళ్లు పట్టింది.

ఈసారి మైసూరు వెళ్తే కల్యాణ మంటపంలో ఒక స్తంభం పక్కన ఆగి, ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు ఎక్కడుందో వెతకండి. డిజైన్ పట్టీ ఎక్కడుందో ముందు అక్కడే చూడండి. దొరికితే నాకు చెప్పండి. ఉంటానండి.